ఆ బొమ్మ కింద పేరు వేయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మాతృ దినోత్సవం నాడు మీ ఆదివారం అనుబంధం మొదటి పేజీలో ఒక పెయింటింగ్ వేశారు. చారల గౌను వేసుకున్న ఒకావిడ చిన్నపిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని బేసిన్‌లో కాలు కడుగుతూ ఉంటుంది. పైన పెద్ద అక్షరాలతో అమ్మ ప్రేమ గురించి శీర్షిక. మూలన చిన్నగా 'ఇంటర్నెట్ నుంచి' అని ఉంది. బొమ్మ ఎవరు వేశారో పేజీలో ఎక్కడా లేదు.

ఆ బొమ్మ పేరు 'ద చైల్డ్స్ బాత్'. 1893లో వేసింది మేరీ కాసాట్ అనే అమెరికన్ చిత్రకారిణి. అది చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంటుంది.

మా అమ్మాయి పురుడికి చికాగో వెళ్లినప్పుడు దాన్ని చూశాను. అప్పటికి రెండు నెలలుగా మనవరాలికి రోజూ నేనే నీళ్లు పోస్తున్నాను. బాత్‌టబ్‌లో పీట వేసుకుని, కాళ్లు చాపుకుని, పాపని కాళ్ల మీద పడుకోబెట్టుకుని పోసేదాన్ని. అందుకేనేమో, ఆ బొమ్మ ముందు నిలబడగానే ముందుగా నా కంట్లో పడింది ఆవిడ పట్టు. తడిసిన పిల్ల ఎంత జారుతుందో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఒక చెయ్యి పిల్ల నడుం చుట్టూ బిగించి ఉంది, రెండోది నీళ్లలో పాదాన్ని పట్టుకుని ఉంది. పిల్ల తన చెయ్యి ఆవిడ మోకాలి మీద ఆనించుకుంది. ఇద్దరూ తలలు వంచి నీళ్లలోకే చూస్తున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ఆ నిమిషంలో ఆవిడ పనిలో ఉంది. ఆ పనిని అంత దగ్గరగా, అంత మర్యాదగా చూసిన కళ్లు ఎవరివా అని అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. ఆ తర్వాత దొరికినంత చదివాను.

బొమ్మలో ఉన్నది తల్లో, పిల్లని చూసుకునే ఆయానో బొమ్మ చెప్పదు. కాసాట్ వేసిన తల్లీబిడ్డల బొమ్మల్లో చాలావాటికి కూర్చున్నవాళ్లు కన్నతల్లీ బిడ్డలు కారు, ఆవిడ పిలిపించుకున్న మోడల్స్. ఆవిడకి పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. అయినా ఆవిడ పేరు ఎత్తితే 'మాతృత్వపు చిత్రకారిణి' అని ఒక్క మాటతో సరిపెడుతున్నారు. మీ పేజీలో ఆ పేరు కూడా లేకపోయింది.

ఆవిడ 1844లో పెన్సిల్వేనియాలో పుట్టింది. 1860లో ఫిలడెల్ఫియాలోని చిత్రకళా అకాడమీలో చేరింది. అక్కడ ఆడపిల్లలకి నగ్న మోడల్‌ని చూసి గీసే అవకాశం లేదు, ప్లాస్టర్ విగ్రహాలను చూసి గీయాల్సిందే. పారిస్ వెళ్తే అక్కడి పేరున్న చిత్రకళా విద్యాలయం ఎకోల్ దే బోజార్ 1897 దాకా ఆడవాళ్లను చేర్చుకోనే లేదు. విడిగా గురువు దగ్గర నేర్చుకుంది, లూవ్ర్ మ్యూజియంలో పాతవాళ్ల బొమ్మలకి నకళ్లు గీసింది. 1877లో తల్లిదండ్రులు, అక్క లిడియా కూడా పారిస్ వచ్చేశారు. స్టూడియో ఖర్చులు మాత్రం బొమ్మలు అమ్మిన డబ్బులోంచే పెట్టుకోవాలన్నది తండ్రి షరతు. ఆ ఏడాదే చిత్రకారుడు ఎద్గార్ దేగా ఆవిడని ఇంప్రెషనిస్టుల్లోకి, అంటే రోజువారీ బతుకుని కొత్త పద్ధతిలో వేస్తున్న చిత్రకారుల బృందంలోకి, పిలిచాడు. వాళ్లతో కలిసి 1879 నుంచి 1886 వరకు నాలుగు ప్రదర్శనల్లో బొమ్మలు పెట్టింది. మగవాళ్లు కేఫ్‌లలో, బార్లలో కూర్చుని బొమ్మలు వేసుకునేవారు. మర్యాదస్తుల ఇంటి ఆడదానికి ఆ దారి లేదు. అందుకే ఆవిడ బొమ్మల్లో ఇళ్లు, తోటలు, థియేటర్ బాక్సులు, పిల్లల గదులు.

నన్ను అన్నిటికన్నా కదిలించినవి 1891 నాటి పది రంగుల ప్రింట్లు. అంతకు ముందు ఏడాది పారిస్‌లో పెద్ద జపనీస్ ప్రింట్ల ప్రదర్శన జరిగింది. అది చూసొచ్చి, రాగి రేకుల మీద గీసి, ఆ రేకులకి చేత్తో రంగులు అద్ది, ఒక్కోటి ఇరవై అయిదు కాపీలు అచ్చు తీసింది. ఆ పదిలో మొదటిది కూడా పిల్లకి స్నానం చేయించే బొమ్మే. అచ్చు పనిలో తనకి సాయపడినతని పేరు లెరువా. చిత్రకారిణి, మిస్టర్ లెరువా కలిసి అచ్చు వేసినది అని ఆ కాగితాల మీదే రాసింది. యంత్రం దగ్గర నిలబడినవాడి పేరు కూడా వదలని మనిషి ఆవిడ. మీ పేజీ చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే.

అదే 1893లో, అదే చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం 'ఆధునిక స్త్రీ' అనే పెద్ద గోడచిత్రం కూడా వేసింది. నిచ్చెనలు ఎక్కకుండా వేయడానికి నేలలో కందకం తవ్వించి, కాన్వాసుని అందులోకి దించుతూ వేసిందట. తోటలో ఆడవాళ్లు జ్ఞానఫలాలు కోసి ఆడపిల్లలకి అందిస్తుంటారు. ప్రదర్శన అయ్యాక ఆ చిత్రం కనిపించకుండా పోయింది, ఇప్పటికీ దొరకలేదు. ఫొటోలే మిగిలాయి. 1915లో స్నేహితురాలు లూయిసిన్ హావ్‌మేయర్ న్యూయార్క్‌లో స్త్రీల ఓటు హక్కు ఉద్యమం కోసం ప్రదర్శన పెడితే కాసాట్ బొమ్మలు అందులో ఉన్నాయి. అప్పటికి శుక్లాలతో చూపు మందగించి ఆవిడ బొమ్మలు వేయడం ఆగిపోయింది. అమెరికా ఆడవాళ్లకి దేశమంతటా ఓటు వచ్చింది 1920లో. ఆవిడ 1926 జూన్ 14న ఫ్రాన్స్‌లో తన ఇంట్లో కన్నుమూసింది.

మీ పత్రికలో ఫొటో వేస్తే ఫొటోగ్రాఫర్ పేరు వేస్తున్నారు, కార్టూన్ కింద సంతకం ఉంటోంది. పెయింటింగ్‌కి మాత్రం ఎందుకు వేయరు? పాత బొమ్మ కదా, హక్కుల గొడవ లేదు కదా అని అనుకోవచ్చు. కానీ డ్రాయింగ్ టీచరు లేని బళ్లలో చదివే పిల్లలకి ఇలాంటి బొమ్మ కంటపడే చోటు మీ ఆదివారం పేజీయే. వాళ్లలో ఏ ఆడపిల్లయినా దాన్ని కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకుంటే, వేసింది ఒక ఆడమనిషి అని ఆ పిల్లకి తెలియాలి.

2026 జూన్ 14కి ఆవిడ పోయి నూరేళ్లు. ఆ రోజు ఆదివారమే. అదే బొమ్మ మళ్లీ వేసి, కింద ఈ ఒక్క వరస అచ్చు వేయమని కోరుతున్నాను: 'ద చైల్డ్స్ బాత్', 1893, మేరీ కాసాట్, ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చికాగో.

ఇట్లు,
ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం