డ్రాగన్‌ను నమ్ముతాం, సేనాపతినే నమ్మలేం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. క్షేమ సమాచారాలు రెండు వాక్యాల్లో ముగించి మిగిలినదంతా గేమ్ ఆఫ్ థ్రోన్స్ టీవీ ధారావాహికలోని యుద్ధాల మీదే రాశావు కాబట్టి, ఇక్కడ అందరం కులాసా అని ఒక్క మాట చెప్పి నేనూ నేరుగా విషయానికి వస్తున్నాను. నిప్పులు కక్కే డ్రాగన్లూ, చచ్చి లేచిన శవాల సైన్యమూ ఉన్న కథలో వ్యూహం సరిగా లేదనీ, గుర్రపుదళాన్ని అలా పంపకూడదనీ వాదించడం అర్థం లేని పని అన్నావు. ఈ మాట చాలామంది అంటారు. నువ్వు కూడా అనేసరికి ఊరుకోలేకపోయాను.

కల్పిత గాథ మొదట్లోనే మనతో ఒక ఒప్పందం చేసుకుంటుంది. ఈ లోకంలో డ్రాగన్లుంటాయి, శీతకాలం ఏళ్ల తరబడి సాగుతుంది, చచ్చినవాడు లేచి నడుస్తాడు అని చెబుతుంది. మనం సంతోషంగా సరేనంటాం. కానీ ఆ లోకంలో మనుషులకు ప్రాణభయం ఉండదనీ, అలసట ఉండదనీ, పుట్టినప్పటి నుంచి యుద్ధాలు చేసినవారికి ఇంగితం ఉండదనీ ఆ ఒప్పందంలో ఎక్కడా రాసి లేదు. నా దృష్టిలో అసాధ్యమైన జంతువును తెర మీదికి తెచ్చినప్పుడే దాని చుట్టూ ఉన్న మనిషి మరింత నిజంగా ఉండాలి, ఎందుకంటే ఆ జంతువు ఎంత భయంకరమైనదో మనకు తెలిసేది ఆ మనిషి ముఖం చూసే.

ముందుగా మనిద్దరికీ నచ్చిన యుద్ధాన్నే తీసుకుందాం. 2016 జూన్‌లో వచ్చిన ఆరో సీజన్ తొమ్మిదో భాగం, బాటిల్ ఆఫ్ ది బాస్టర్డ్స్. దర్శకుడు మిగెల్ సపోచ్నిక్‌కు ఎమ్మీ పురస్కారం తెచ్చిపెట్టింది ఇదే. ఉత్తర ఐర్లండ్‌లోని ఒక పొలంలో 25 రోజులపాటు, దాదాపు 500 మంది జూనియర్ ఆర్టిస్టులతో, 70 గుర్రాలతో తీశారు. క్యానే, అజింకూర్ యుద్ధాలు తమకు స్ఫూర్తి అని నిర్మాతలే చెప్పారు. క్రీ.పూ. 216లో క్యానే దగ్గర కార్తేజ్ సేనాని హానిబల్ తనకన్నా పెద్దదైన రోమన్ సైన్యాన్ని నాలుగు వైపుల నుంచీ చుట్టుముట్టాడు. మధ్యలో ఇరుక్కున్నవారికి కత్తి తిప్పే చోటు కూడా మిగలలేదు. 1415లో అజింకూర్ దగ్గర ఫ్రెంచి వీరులు దున్నిన నేల బురదలో ఒకరి మీద ఒకరు పడిపోయారు. ఒంటి మీద గాయం లేకుండానే ఊపిరాడక చనిపోయినవారు వారిలో ఉన్నారు. ఈ రెండు యుద్ధాల్లోనూ మనిషిని చంపింది శత్రువు ఆయుధం ఎంతో, తన పక్కవాడి బరువు అంత.

ఇప్పుడు ఆ భాగంలో ఒక పక్షానికి నాయకుడైన జాన్ స్నో శవాల కింద కూరుకుపోయే ఘట్టాన్ని గుర్తు చేసుకో. సొంత సైనికులే వెనక్కి తగ్గుతూ అతణ్ణి తొక్కుకుంటూ పోతారు. వెలుతురు సన్నగిల్లుతుంది, బయటి కేకలన్నీ నీళ్ల అడుగు నుంచి వినబడుతున్నట్టు మందగిస్తాయి, చివరికి వినబడేది అతని ఊపిరి ఒక్కటే. అతను ఎవరితోనూ పోరాడడు. మెడ పైకెత్తి గాలి కోసం వెతుక్కుంటూ, పక్కవాళ్ల భుజాలు పట్టుకుని పైకి పాకుతాడు. జాతర తొక్కిడిలో చేతులు రెండూ పక్కటెముకలకు అతుక్కుపోయి, కాళ్లు నేల మీద ఆనుతున్నాయో లేదో తెలియక నిలబడినవాడికి ఆ దృశ్యం ఎంత నిజమో వేరే చెప్పనక్కరలేదు. దాన్ని ముందుగా రాసుకోలేదన్న సంగతి నీకు తెలుసో లేదో. వర్షాలతో పని వెనకబడి, అనుకున్నట్టు తీయడానికి రోజులు సరిపోవని తేలినప్పుడు, దర్శకుడు నిర్మాతలకు రాసి, ఒప్పించి, దాని బదులు ఈ ఘట్టాన్ని తీశాడు. కొరతలోంచి పుట్టిన ఆ కొన్ని నిమిషాలే ఆ భాగానికంతటికీ ప్రాణం.

ఆ యుద్ధంలోనే నాకు ఇంకా విలువైనదిగా తోచేది మరొకటి ఉంది. రెండు సైన్యాలూ కలగలిసిపోయాక జాన్ విలుకాళ్లు బాణాలు ఎక్కుపెట్టి అతని సలహాదారు దావోస్ వైపు చూస్తారు. మనవాళ్లే చస్తారని అతను ఆపేస్తాడు. అవతల శత్రు నాయకుడు రామ్సే బోల్టన్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వేయమంటాడు, మళ్లీ వేయమంటాడు. ఆ బాణాలకు ఇరుపక్షాలవాళ్లూ కూలుతుంటే శవాల గుట్ట లేస్తుంది. ఆ గుట్టే తరువాత జాన్ సైన్యానికి వెనుక గోడగా మారుతుంది. ఆ గోడకూ, ముందు నుంచి ఈటెలతో, డాళ్లతో ముందుకొచ్చే బోల్టన్ మూకకూ మధ్య అందరూ నలుగుతారు. నాయకుల స్వభావం ఒక నిర్ణయంగా, ఆ నిర్ణయం నేల మీద ఒక ఆకారంగా మారడం మన కళ్లముందే జరుగుతుంది. చరిత్ర పుస్తకాల్లో అంత ఎత్తు శవాల గోడలు ఉన్నాయా అని నువ్వు అడగవచ్చు. ఉండకపోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. అది అతిశయోక్తే అయినా కారణంలోంచి పుట్టిన అతిశయోక్తి. అయితే జాన్ చెల్లెలు సాన్సా దగ్గర వేల్ అనే ప్రాంతపు అశ్వికదళం వచ్చే అవకాశం ఉన్నా, ఆ సంగతి అన్నకు చెప్పకుండా దాచడాన్ని మాత్రం ఈనాటికీ ఒప్పుకోలేను. చివరి నిమిషంలో బూర ఊదడం కోసం కథకులు ఆమె నోరు కట్టేశారు.

ఇక 2019 ఏప్రిల్‌లో వచ్చిన ద లాంగ్ నైట్ దగ్గరికి వద్దాం, శవాల సైన్యం జాన్ వాళ్ల కోట మీదికి వచ్చే భాగం. దర్శకుడు అదే సపోచ్నిక్. నిడివి 82 నిమిషాలు. బయట చలిలో, బురదలో 55 రాత్రులు తీశారు. ఆ శ్రమ మీద నాకు ఎంతో గౌరవం ఉంది కాబట్టే ఇంత బాధపడుతున్నాను. ఏమీ కనబడలేదని ప్రపంచమంతా చేసిన ఫిర్యాదు నాకు అంత ముఖ్యం కాదు. ఛాయాగ్రాహకుడు ఫేబియన్ వాగ్నర్ ఆ చీకటి కావాలని చేసిందేనని చెప్పాడు. సినిమాహాలు తెర మీద అది బాగానే ఉండేదేమో, ఇళ్లల్లోని టీవీల్లో మాత్రం నలుపంతా గళ్లుగళ్లుగా విరిగిపోయింది. నా బాధ వెలుతురు ఉన్నచోట కనబడినదాని గురించి.

మంత్రగత్తె మెలిసాండ్రా మంత్రంతో, కోట పక్షాన పోరాడే డొత్రాకీ తెగ రౌతుల కత్తులన్నీ ఒకేసారి భగ్గున అంటుకుంటాయి. ఆ వెలుగుల వరుస చీకట్లోకి దూసుకుపోతుంది. కోట ముందు నిలబడినవాళ్లతో పాటు మనమూ చూస్తుండగా దూరంగా ఆ దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. టెలివిజన్ చరిత్రలో ఇంతకన్నా గొప్ప యుద్ధచిత్రాన్ని నేను చూడలేదు. కానీ మరుక్షణమే మనసు అడుగుతుంది: వీళ్లను అక్కడికి పంపిందెవరు? మెలిసాండ్రా వస్తుందని ఎవరికీ తెలియదు. ఆమె రాకపోతే ఆ మామూలు ఇనుపకత్తులతో శవాలను ఏం చేయాలనుకున్నారు? రాళ్లు విసిరే భారీ యంత్రాలను కోటలోపల ఉంచకుండా పదాతిదళానికి కూడా ముందు నిలబెట్టారు. మంట పెట్టాల్సిన కందకం సైన్యానికి వెనుక ఉంది. గోడ పైన నిలబడి పోరాడవలసినవాళ్లు గోడ ముందు నిలబడి చచ్చిపోయారు. ఇదంతా చేసింది ఎవరో పసివాళ్లు కారు. ఏడు సీజన్లపాటు ముట్టడులూ యుద్ధాలూ చూసి బతికి బట్టకట్టినవాళ్లు. అందమైన చిత్రం ముందు పుట్టి, దానికోసం ఆ మనుషులు తమ బుద్ధిని వదులుకోవలసి వచ్చింది. శవాల గోడలో కారణం నుంచి చిత్రం పుడితే ఇక్కడ చిత్రం కోసం కారణాన్ని బలి ఇచ్చారు.

దీనికన్నా పెద్ద లోపం పర్యవసానం లేకపోవడం. కోటను కాపాడే యోధులు బ్రియెన్, జేమీ, పోడ్రిక్‌లను గోడకు అదిమి శవాలు మీద పడుతుంటాయి. దృశ్యం మారి మళ్లీ వచ్చేసరికి అదే చోట ఇంకా కత్తులు తిప్పుతూనే ఉంటారు. ఆరిపోయిన దీపాలతో పాటు దాదాపు అంతమైపోయారనుకున్న డొత్రాకీలు రెండు భాగాల తరువాత రాజధాని వీధుల్లో దండిగా కనబడతారు. యుద్ధానికి ఖర్చు లేకపోతే భయం ఎక్కడి నుంచి వస్తుంది? అదే భాగంలో సాన్సా చెల్లెలు ఆర్యా గ్రంథాలయంలో నక్కి నక్కి తప్పించుకునే ఘట్టాన్ని చూడు. కేకలు లేవు, డ్రాగన్లు లేవు. ఆమె తల గాయం నుంచి ఒక రక్తపుబొట్టు నేల మీద పడుతుంది. ఆ చిన్న చప్పుడుకు ఒక శవం తల తిప్పుతుంది. ఆ ఒక్క బొట్టుకు నేను పడ్డ భయం ఆ 82 నిమిషాల మంటల్లో మరెక్కడా పడలేదు.

గుర్రాల గురించి నువ్వు రాసినదానికి కూడా జవాబు చెప్పాలి. ఈటెల కంచె మీదికి గుర్రం కళ్లు మూసుకుని దూకదు. 1815లో వాటర్లూ దగ్గర నెపోలియన్ సేనాని మిషెల్ నే నడిపిన ఫ్రెంచి అశ్వికదళం బయొనెట్లు చాచి చతురస్రాలుగా నిలబడిన బ్రిటిష్ పదాతుల చుట్టూ మళ్లీ మళ్లీ తిరిగిందే తప్ప వాటిని ఛేదించలేకపోయింది. పదాతులు బెదిరి చెదిరితేనే గుర్రానికి దారి దొరుకుతుంది. విల్లు సంగతీ అంతే. 1545లో మునిగి 1982లో బయటికి తీసిన మేరీ రోజ్ అనే ఆంగ్లేయ యుద్ధనౌకలో దొరికిన విండ్లను లాగడానికి 100 పౌండ్లకు పైబడిన బలం కావాలని అంచనా. సేనాపతి ప్రసంగం ముగిసేదాకా అలాంటి నారిని చెవిదాకా లాగి పట్టుకుని నిలబడటం మానవమాత్రుడికి సాధ్యం కాదు. వీరుడు శిరస్త్రాణం లేకుండా తిరగడం మాత్రం నేను మన్నిస్తాను, ముఖం కనబడకపోతే నటుడు ఉండి ప్రయోజనం లేదు.

అంత డబ్బు లేని రోజుల్లోనే ఆ ధారావాహిక యుద్ధాలు నాకు ఎక్కువ నమ్మదగినవిగా తోస్తాయి. మొదటి సీజన్‌లో గ్రీన్ ఫోర్క్ యుద్ధాన్ని అసలు చూపించనే లేదు. జేమీ తమ్ముడు టిరియన్ మొదట్లోనే దెబ్బ తగిలి స్పృహ తప్పి, అంతా అయిపోయాక లేస్తాడు. రెండో సీజన్‌లో, రాజధాని మీద ఓడల దాడిని చూపే బ్లాక్‌వాటర్ వచ్చింది. నవలాకారుడు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ స్వయంగా రాసిన ఆ భాగాన్ని నీల్ మార్షల్ చాలా తక్కువ వ్యవధిలో అందుకుని తీశాడు. నవలలో నదికి అడ్డంగా కట్టిన పెద్ద గొలుసు ఇందులో లేదు. ఒక ఖాళీ ఓడ, ఒక నిప్పుబాణం, పచ్చటి మంట, అంతే. ఆ తరువాత మంటంటే చిన్ననాటి నుంచి భయపడే హౌండ్ అనే యోధుడు యుద్ధం వదిలి వెళ్లిపోతాడు, కుర్ర రాజు తన తల్లి పిలిచిందని పరుగెత్తుతాడు, లోపల రాణి ఆడవాళ్ల మధ్య కూర్చుని తాగుతూ ఓడిపోతే ఏమవుతుందో చెబుతుంటుంది. బయట ఎవరు ఎక్కడున్నారో, ఎవరికి ఎందుకు భయమో మనకు క్షణక్షణం తెలుసు.

ఇలా రాస్తున్నానంటే ఆర్భాటానికి నేను శత్రువుననుకోకు. దూరదర్శన్‌లో 1988 నుంచి 1990 దాకా వచ్చిన మహాభారత్‌లో బాణాలు ఆకాశంలో ఢీకొని కిందపడుతుంటే మనమెవరమూ ప్రశ్నించలేదు. ఎందుకంటే ఆ యుద్ధానికి నియమాలున్నాయి, అవి మనకు తెలుసు. పద్మవ్యూహంలోకి వెళ్లే దారే తప్ప బయటికొచ్చే దారి అభిమన్యుడికి తెలియదని కూడా మనకు ముందే తెలుసు. అందుకే అందరూ కలిసి ఒక్కణ్ణి చుట్టుముట్టినప్పుడు గుండె కలుక్కుమంది.

ఆర్భాటమూ నిజమూ చక్కగా కలిసిన చోటు కావాలంటే, 2017లో మాట్ షాక్‌మన్ తీసిన ఏడో సీజన్ నాలుగో భాగంలో జేమీ నడిపించే లానిస్టర్ వంశపు బళ్ల వరుస మీద డ్రాగన్ దాడిని మళ్లీ చూడు. దర్శకుడు డ్రాగన్ మీద వచ్చిన రాణి డెనేరిస్‌తో ఆకాశంలో ఉండిపోకుండా నేల మీద జేమీ పక్కన నిలబడ్డాడు. మనుషులు నిలబడినచోటే బూడిదై గాలికి లేచిపోవడాన్ని జేమీ చూస్తాడు. గుట్ట పైన నిలబడి, డెనేరిస్ పక్షాన ఉన్న అతని తమ్ముడు టిరియనూ చూస్తుంటాడు. ఎవరు గెలవాలని కోరుకోవాలో మనకు తెలియదు. డ్రాగన్ ఎంత పెద్దదో అప్పుడు అర్థమైంది నాకు. 2024లో, ఈ కథకే ముందుకథ అయిన హౌస్ ఆఫ్ ది డ్రాగన్ రెండో సీజన్‌లో రూక్స్ రెస్ట్ యుద్ధం కూడా ఇదే దారిలో నడిచింది. ఆకాశంలో మూడు డ్రాగన్లు పోరాడుతుంటే కింద ఇరుపక్షాల సైనికులూ వాటి కాళ్లకింద పడతారు.

నీ జవాబులో ఒక్క విషయం తప్పకుండా రాయి. ద లాంగ్ నైట్‌లో డొత్రాకీలను కోట లోపలో, పక్క అడవిలోనో దాచి, ఆ దీపాల వరుసను మాత్రం వదులుకోకుండా ఉండే ఉపాయం నీకేమైనా తడుతుందా? నాకు తట్టినదల్లా ఒకటే. శవాలు ముందు అన్‌సల్లీడ్ అనే పదాతిదళాన్ని చుట్టుముట్టాలి, వాళ్లను విడిపించడానికి డొత్రాకీలు, వద్దని జాన్ అరుస్తున్నా ఆగక, తమంతట తామే ఆ చీకట్లోకి దూకాలి. అప్పుడు ఆరిపోయే ప్రతి దీపమూ ఒక తెగువకు చెల్లించిన వెల అవుతుంది. ఇందులో ఎక్కడ లోపముందో నువ్వే చెప్పు. గుర్రాల విషయంలో నీకన్నా బాగా ఆలోచించేవాళ్లు నాకు తెలిసినవాళ్లలో లేరు.

నీ
మిత్రుడు