గూడు ఫొటో వేయకండి, గైడ్ వద్దంటే వినండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, పక్షుల్ని చూడ్డానికి గైడ్‌తో వెళ్లే యాత్రల మీద రెండు పేజీల వ్యాసం వచ్చింది. ఈ విషయానికి అంత చోటు ఇచ్చినందుకు చాలా సంతోషం. కానీ వ్యాసం పక్కన వేసిన పెద్ద ఫొటో చూసి మనసు చివుక్కుమంది. గూట్లో పిల్లలకు మేత అందిస్తున్న తల్లిపక్షి, బాగా దగ్గరికి వెళ్లి తీసింది, కింద ఆ చోటు పేరు కూడా. ఇక వ్యాసమేమో ఎక్కడికి వెళ్తే ఎన్ని రోజుల్లో ఎన్ని రకాలు చూడొచ్చు అన్న లెక్కతో మొదలై ఆ లెక్కతోనే అయిపోయింది. ఆ లెక్కకీ ఆ ఫొటోకీ సంబంధం ఉందని నా అనుభవం. అందుకే ఈ ఉత్తరం.

నేను మొదటిసారి గైడెడ్ ట్రిప్‌కి వెళ్లినప్పుడు మేం పద్నాలుగు మందిమి, గైడ్ ఒక్కరే. మూడో రోజు తెల్లవారుజామున, పొదల కింద ఎండుటాకులు తిరగేసుకుంటూ బతికే ఒక చిన్న పిట్ట కోసం ఆగాం. అందరూ చూడాలనుకుని రాసుకున్న పక్షుల లిస్టులోనూ ఆ రోజు టార్గెట్ అదే. గైడ్ చిన్న స్పీకర్ తీసి దాని కూత పెట్టారు. రెండు నిమిషాల్లో పిట్ట వచ్చింది, ముందు నిలబడ్డ నలుగురికి కనబడింది, వెనకున్నవాళ్లకి కనబడలేదని మళ్లీ పెట్టారు, ఒకరికి ఫొటో మసగ్గా వచ్చిందని మళ్లీ పెట్టారు, అలా దాదాపు నలభై నిమిషాలు. ఆ పిట్ట ముక్కున ఒక పురుగు ఉంది. బైనాక్యులర్స్‌లోంచి స్పష్టంగా చూశాను. మొదట వచ్చినప్పుడూ ఉంది, మేం వెనక్కి తిరిగే ముందు చివరిసారి చూసినప్పుడూ ఉంది. అప్పుడు అదొక విశేషంలా అనిపించి ఫొటో కూడా తీసుకున్నాను. ఆ పురుగు ఎవరి కోసం తెచ్చిందో, పక్కనే ఎక్కడో ఎన్ని పిల్లలు నోరు తెరుచుకుని ఎదురుచూస్తున్నాయో అన్న ఆలోచన ఇంటికొచ్చి ఫొటోలు చూసుకుంటున్నప్పుడు గానీ తట్టలేదు. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, దీన్ని ప్లేబ్యాక్ అంటారు. రికార్డు చేసిన కూత వినగానే పక్షి, తన హద్దుల్లోకి ఇంకో మగపక్షి చొరబడిందనుకుని తరిమేయడానికి వస్తుంది. అంటే మనకు కనబడడానికి కాదు, పోట్లాటకి వస్తోందన్నమాట. తీరా వస్తే ఎదురుగా ఎవరూ ఉండరు, కూత మాత్రం ఆగదు. మేత మానేసి, గూడు వదిలేసి అక్కడక్కడే తిరుగుతుంది, ఆ కాసేపట్లో గూటి దగ్గరికి పామో కాకో వస్తే చూసే దిక్కుండదు. ఒక గ్రూపు ఒక్కసారి కాసేపు పెడితే పెద్ద నష్టం ఉండకపోవచ్చు. కానీ పేరున్న చోట్లలో సీజనంతా గ్రూపు వెనక గ్రూపు వచ్చి, అదే చెట్టు కింద, అదే పక్షికి, అదే కూత వినిపిస్తుంటే దాని బతుకేం కావాలి? అమెరికా నేషనల్ పార్కుల్లో ఇలా శబ్దాలతో జంతువుల్నీ పక్షుల్నీ పిలవడం నిషేధం. అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ నియమావళి కూడా జనం ఎక్కువగా వచ్చే చోట్లా, అరుదైన పక్షుల విషయంలోనూ, అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి విషయంలోనూ దీన్ని తగ్గించుకోమనే చెప్తుంది.

ఆ రోజు తప్పంతా గైడ్‌దేనని చాలాకాలం అనుకున్నాను. కానీ గుర్తు తెచ్చుకుంటే, రెండోసారి పెట్టాక ఆయన స్పీకర్ జేబులో పెట్టుకోబోయారు. "ఇంకొక్కసారి సార్, మాకు కనబడలేదు" అన్నది మేమే, అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. డబ్బు కట్టాం, సెలవు పెట్టుకుని వచ్చాం, లిస్టులో టిక్ పడాలి. రాత్రి భోజనాల దగ్గర అందరూ కూర్చుని ఆ రోజు చెక్‌లిస్ట్ చదువుకుంటారు, అక్కడ ఖాళీలు కనబడితే గైడ్‌కి టెన్షన్, ఎందుకంటే మనం వెళ్లాక రాసే రివ్యూ మీదే ఆయన రేపటి పని ఆధారపడి ఉంటుంది. ఫలానా పక్షిని చూపించడం గ్యారంటీ అని ప్రకటన ఇచ్చే కంపెనీ ఆ బరువు గైడ్ మీద పెడుతుంది, ఆయన తీసుకెళ్లి పక్షి మీద పెడతారు. మీ వ్యాసంలోని లెక్కలు చదివి వెళ్లేవాళ్లు కూడా ఆ లెక్కనే అడుగుతారు, అదే నా బాధ.

తర్వాతి సంవత్సరాల్లో మంచి గైడ్ల వెంట తిరిగే అదృష్టం కూడా కలిగింది. వేరే దేశంలో ఒక కొండ అడవిలో మాతో వచ్చినాయన స్పీకర్ అసలు తెచ్చుకోనే లేదు. మేం ఆరుగురమే. కాలిబాట ఇరుకు కాబట్టి ప్రతి అరగంటకీ ముందున్నవాళ్లని వెనక్కి, వెనకవాళ్లని ముందుకి మార్చేవారు, ఎవరికీ నాకు కనబడలేదనే మాట రానివ్వలేదు. పిట్ట ఎక్కడుందో గడియారం లెక్కన చెప్పేవారు, ఆ మోడు చెట్టుకి రెండు గంటల దిక్కున, రెండో కొమ్మ మీద అని. స్టాండు మీద స్కోప్, అంటే దూరదర్శిని, బిగించాక పొట్టిగా ఉన్నవాళ్లని ముందు చూడనిచ్చేవారు. అక్కడి అడవుల్లో ఒక్కోసారి అరగంట సేపు ఏమీ కనబడదు, ఉన్నట్టుండి పది ఇరవై రకాలు కలిసి ఒకే గుంపుగా నెత్తి మీద నుంచి సాగిపోతాయి, ఏది చూడాలో తెలియక తల తిరిగిపోతుంది. "ఒక్కదాన్నే చూడండి, మిగతావి పోనివ్వండి" అన్నారాయన. ఆ ఒక్క మాటతో నాకు పక్షిని చూడడం వచ్చింది. అదెలా తింటుంది, తోక ఎలా ఆడిస్తుంది, జతతో ఉందా ఒంటరిగా ఉందా. ఒక చోట గూడు ఉందని తెలిసి దూరం నుంచే దారి మళ్లించారు, ఎందుకని అడిగితే మనం తొక్కిన గడ్డి వెంబడి, మన వాసన పట్టుకుని వేరే జంతువులు గూటి దాకా వెళ్తాయన్నారు. మాలో ఎవరూ గొణగలేదు, ఎందుకంటే ఆయన మొదటి రోజు సాయంత్రమే తానేం చేస్తారో ఏం చేయరో చెప్పేశారు.

గాలాపగోస్ దీవుల్లో ఇదంతా నిబంధనల్లోనే ఉంది. నేషనల్ పార్కు గుర్తించిన గైడ్ లేకుండా సందర్శన స్థలాల్లో తిరగనివ్వరు, ఒక గైడ్‌కి 16 మందికి మించి ఉండకూడదు, ప్రాణులకు రెండు మీటర్ల దూరం పాటించాలి, ఫ్లాష్ వాడకూడదు. అక్కడి పక్షులు మనిషికి బెదరవు, దగ్గరికి వెళ్లాలంటే ఎంతైనా వెళ్లొచ్చు, అయినా ఆపుతారు. చూడబోతే అక్కడ గైడ్ అసలు పనే ఆపడం.

ఇక స్థానికుల సంగతి. మీ వ్యాసంలో ఇది రెండు వాక్యాల్లో తేలిపోయింది, నా లెక్కలో ముఖ్యమైంది ఇదే. కలివికోడి కథ మన పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది, రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టుకున్నది స్థానికంగా పిట్టలు పట్టే మనిషే. పుస్తకాల్లో లేకుండా పోయిన పక్షికి అక్కడివాళ్ల నోట పేరు ఉండనే ఉంది. నోవా స్ట్రైకర్ అనే అమెరికన్ 2015లో ఒక్క ఏడాదిలో 41 దేశాలు తిరిగి 6,042 రకాల పక్షుల్ని చూశారు. ఆయన నమ్ముకున్నది పెద్ద టూర్ కంపెనీల్ని కాదు, ఎక్కడికి వెళ్తే అక్కడ ఉండే స్థానిక పక్షి ప్రేమికుల్ని. అంత లెక్క కావాలనుకున్న మనిషికి కూడా దారి చూపింది వాళ్లే.

ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున మంగళాజోడి ఉంది. ఒకప్పుడు అక్కడ వలస పక్షుల్ని వేటాడి అమ్మేవాళ్లు. అదే మనుషులు ఇప్పుడు పడవల్లో గెడ వేసుకుంటూ మనల్ని పక్షుల మధ్యకి తీసుకెళ్తారు. ఏ పక్షి ఎంత దూరంలో బెదురుతుందో వేటగాడిగా ఉన్నప్పుడు నేర్చుకున్న విద్యే, ఇప్పుడు దాన్ని బెదరకుండా చూడ్డానికి వాడతారు. అరుణాచల్‌లో ఈగిల్‌నెస్ట్ అభయారణ్యం దగ్గర పక్షి పరిశీలకుడు రమణ ఆత్రేయ కొత్త పక్షిని గుర్తించి 2006లో ప్రకటించినప్పుడు, కనబడినవి చాలా కొద్ది కాబట్టి ఒక్కదాన్నీ చంపకుండా ఈకలు, ఫొటోలు, కూత రికార్డింగులతోనే వర్ణించారు. ఆ అడవుల్లో ఉండే బుగున్ తెగ పేరే దానికి పెట్టారు, బుగున్ లియోసిక్లా అని. దాన్ని చూడ్డానికి వచ్చేవాళ్ల వల్ల ఆ తెగకి ఆదాయం ఉంది. పేరు వాళ్లది, అడవి వాళ్లది, డబ్బు కూడా వాళ్లకే వెళ్లాలి కదా.

ఎక్వడార్‌లో మిందో దగ్గర ఆంహెల్ పాస్ అనే రైతు ఉన్నారు. జెయింట్ యాంట్‌పిట్టా అనే పక్షి అడవిలో నేల మీద నక్కి తిరుగుతుంది, ఏళ్ల తరబడి వెతికినవాళ్లకీ సరిగా కనబడేది కాదు. ఆయన ఒకదానికి వానపాములు వేసి ఓపిగ్గా మచ్చిక చేసి, మరియా అని పేరు పెట్టి, ఆ పేరుతో పిలిస్తే దారి మీదకి వచ్చేలా చేశారు. దాన్ని చూడ్డానికి లోకమంతా వచ్చింది, ఆయన అడవి నరకడం మాని అడవితోనే బతుకుతున్నారు. ఇలా మేత అలవాటు చేయడం సరైనదేనా అని అడిగేవాళ్లున్నారు. నాక్కూడా ఆ సందేహం పూర్తిగా పోలేదు. అయినా దీన్నీ ప్లేబ్యాక్‌నీ ఒకే గాటన కట్టలేను, ఇక్కడ పక్షి కడుపు నింపుకుని వెళ్తుంది, ఇష్టం లేని రోజున రాదు, ఆ రోజు ఆయనా ఏమీ చేయలేరు. గుడ్లగూబల ఫొటోల కోసం బతికున్న ఎలుకల్ని కట్టి పెట్టేవాళ్లని మాత్రం ఏ కారణంతోనూ ఒప్పుకోలేను.

యాత్రకి డబ్బు కట్టబోయేవాళ్లు ముందు కొన్ని సంగతులు అడగాలి. ఒక గైడ్‌కి ఎంతమంది, ప్లేబ్యాక్ వాడతారా, వాడితే ఎంతసేపు, ఎక్కడ వాడరు, ఆ ప్రాంతం మనిషి వెంట ఉంటారా, ఆయనకి ఇచ్చేది ప్యాకేజీలో కలిసే ఉందా. సూటిగా జవాబు రాకపోతే వేరే చోటు చూసుకోవడమే మంచిది. ఇంకొకటి, రోజుకో ఊరు మారే యాత్రల కంటే ఒకే చోట మూడు నాలుగు రోజులుండేవి మేలు. జార్జియా దేశంలో బతూమి దగ్గర ఏటా వలస కాలంలో పది లక్షలకు పైగా డేగలు, గద్దలు కొండలకీ నల్ల సముద్రానికీ మధ్య సన్నటి దారిలో పోతాయి, అక్కడ చేయాల్సిందల్లా గుట్ట మీద కూర్చుని తలెత్తి చూడడమే, పక్కన ఆకారాన్ని బట్టి ఏది ఏదో చెప్పే మనిషి ఒకరుంటే చాలు. ఫోన్లో మెర్లిన్ లాంటి యాప్ కూత విని పేరు చెప్పేస్తుంటే గైడ్ ఎందుకని కొందరు అడుగుతున్నారు. యాప్ పేరు చెప్తుంది, మంచిదే, నేనూ వాడతాను. ఇప్పుడు వెనక్కి తగ్గండి, అది కూసేది భయంతో, అని మాత్రం చెప్పదు.

సంపాదకులు గారూ, ఇక మీకు నా విన్నపం. గూడు ఫొటోలు, పిల్లలున్న గూళ్ల ఫొటోలు దయచేసి వేయకండి. గుడ్లగూబలు రోజూ వాలే చెట్లు, గూళ్లు ఉన్న చోట్లు పేరుతో సహా ఇవ్వకండి. పక్షుల్ని చూసినవాళ్లు ఆ వివరాలు నమోదు చేసే ఈబర్డ్ లాంటి వెబ్‌సైట్ కూడా కొన్ని సున్నితమైన పక్షులు సరిగ్గా ఎక్కడ కనబడ్డాయో అందరికీ చూపించకుండా దాస్తుంది, అదే పద్ధతి మీరూ పాటించవచ్చు. మళ్లీ ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు ఎన్ని రకాలు చూశారని కాకుండా, గైడ్ ఎక్కడ ఆగిపోయారు, ఎందుకు ఆగారు అని ఒక్క పేరా అయినా రాయించండి. నా మొదటి ట్రిప్‌కి ముందు అలాంటి పేరా ఒకటి చదివి ఉంటే, ఆ రోజు ఇంకొక్కసారి పెట్టమని అడిగి ఉండేదాన్ని కాదు.

ఇట్లు,
మీ పాఠకురాలు