యాప్‌లో ‘ఆన్’ అని ఉంటే మోటారు తిరుగుతున్నట్టేనా?

సంపాదకులకు,

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద ఏరేటర్లను (నీటిని చిలికి ఆక్సిజన్ కలిపే మోటారు చక్రాలు) ఫోన్‌తో నడిపే పెట్టెలు జోరుగా బిగిస్తున్నారు. కొనేవాళ్లు ధరా, యాప్ తెలుగులో ఉందా లేదా అన్నదే చూస్తున్నారు. తెర మీద ‘ఆన్’ అని పడితే మోటారు తిరుగుతోందని అర్థమా, మనం నొక్కిన సంగతి పెట్టెకు చేరిందనా? చౌకరకం యాప్‌లలో ఎక్కువగా రెండోదే. ఒక ఫేజు పోయినా, భారం ఎక్కువై మోటారును కాపాడే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్పయినా అందులో పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ 3 పీపీఎం (లీటరుకు 3 మిల్లీగ్రాములు) కిందికి దిగేసరికి ఆ దీపం ఎందుకూ కొరగాదు.

కాబట్టి మూడు ఫేజులకూ సీటీలు (తీగలో పారే కరెంటును కొలిచే కాయిల్స్) తొడిగి, ఆంపియర్లు చదివి చూపే సాఫ్ట్‌వేరే తీసుకోవాలి. 2 హెచ్‌పీ మోటారు నిండు లోడులో 3 నుంచి 3.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. మూడు ఫేజుల్లోనూ సున్నా చూపితే కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) పట్టలేదు, లేదా కరెంటే లేదు. మామూలు కంటే బాగా తక్కువ చూపితే షాఫ్టు ఊడి, చక్రం ఆగి, మోటారు ఒట్టిగా తిరుగుతోందన్నమాట.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేస్తుందో కూడా అడగండి. సొంతంగా పెట్టె కట్టుకునేవాళ్లు వాడే టాస్మోటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘పవర్‌ఆన్‌స్టేట్’ (కరెంటు వచ్చాక రిలేలు ఎలా ఉండాలో చెప్పే సెట్టింగు) మార్చకపోతే రిలేలు కరెంటు పోకముందున్న స్థితికే వెళ్తాయి. అంటే అప్పటిదాకా నడుస్తున్న ఏరేటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి. స్టార్టింగులో ఒక్కో మోటారు ఆరు రెట్ల దాకా కరెంటు లాగుతుంది గనక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు ఎగిరిపోతాయి. ఆ సెట్టింగును 0 చేసి (అంటే అన్నీ ఆఫ్‌లోనే ఉండేలా), మూడు ఫేజులూ నిలకడగా ఉన్నాయని చూశాక పది సెకన్ల తేడాతో ఒక్కొక్కటీ లేచేలా రాసుకోవాలి. ఫోన్‌కూ పెట్టెకూ మధ్య సందేశాలు చేరవేసే ఎంక్యూటీటీ పద్ధతి వాడితే ‘ఆన్’ ఆదేశానికి రిటెయిన్ (చివరి సందేశాన్ని సర్వర్‌లో దాచి ఉంచడం) పెట్టకూడదు. పెడితే నెట్ తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ పాత ఆదేశమే మళ్లీ అందుతుంది.

టైమర్ ఎక్కడో సర్వర్‌లో కాదు, పెట్టెలోనే ఉండాలి. సిగ్నల్ లేని రాత్రి కూడా షెడ్యూలు నడవాలి కదా. ఇక సిమ్ సంగతి: 2జీ పెట్టెలో జియో సిమ్ పనిచేయదు. వేరే సిమ్ వేసినా వ్యాలిడిటీ అయిపోతే పెట్టె మూగదే.

చక్రానికి చుట్టుకున్న నాచు తీయడానికి మనిషి చెరువులో దిగేటప్పుడు యాప్‌లో ‘లాక్’ నొక్కి ఊరుకోవద్దు. ఇంకో ఫోన్ నుంచి ఎవరో ఆన్ చేయవచ్చు, టైమరే వేళకు లేపవచ్చు. గట్టు మీద మెయిన్ దించి, తాళం వేసి, ఆ తాళంచెవి దిగేవాడి జేబులోనే ఉంచాలి.

— ఒక మోటారు ప్యానెళ్ల మెకానిక్, భీమవరం