టార్చ్ పట్టుకుని వెనక్కి వచ్చిన పెద్దాయనకి

ఆయనకి తెలుగు రాదు, అయినా ఇక్కడ రాయాలనిపించింది. పోయిన శనివారం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో థేమ్స్ నది ఒడ్డున గబ్బిలాలని చూసే వాక్‌కి పిల్లాడితో వెళ్లాం. పార్కింగ్ దొరక్క 20 నిమిషాలు లేటు. అందరూ ముందుకెళ్లిపోయారు, చీకటి పడుతోంది, మావాడిది ఏడుపు మొహం. అప్పుడు ఒక పెద్దాయన టార్చ్ పట్టుకుని మా కోసమే వెనక్కి వచ్చారు. కంగారులో పేరు కూడా అడగలేదు.

మన చెవికి అందని గబ్బిలాల అరుపుల్ని వినిపించే తన బ్యాట్ డిటెక్టర్ మావాడి చేతిలో పెట్టి, 45 కిలోహెర్ట్జ్ దగ్గరికి తిప్పించారు. ముందు టక్... టక్..., తర్వాత టకటకటక, చివర్లో ఒక్కసారిగా ట్ర్‌ర్‌ర్! పురుగు మీదికి దూకినప్పటి చప్పుడట అది. 5 గ్రాముల పిపిస్ట్రెల్ అనే బుల్లి గబ్బిలం రాత్రికి 3,000 పురుగుల దాకా తింటుందని చెప్తే, గబ్బిలాలు జుట్టు పట్టుకుంటాయని తెనాలి నుంచి భయం మోసుకొచ్చిన మా అత్తయ్యగారు, "అయితే మా ఊరి దోమల సంగతి కూడా చూడమను" అన్నారు.

నీళ్లకి జానెడు ఎత్తులో డాబెంటన్ గబ్బిలం వెళ్లిందట. నాకు కనిపించలేదు, మావాడు చూశానంటున్నాడు.

చాలా థాంక్స్ అండి. డిటెక్టర్ బ్యాటరీలు అయిపోగొట్టింది మావాడే. ఈసారి కొత్తవి తెస్తాం, టైముకే వస్తాం.