మూడో ప్రూఫు

తెనాలి,
ఆదివారం.

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు కుదుటపడలేదు. ఎవరైనా కోడు చూసి మార్చగలిగే ఆ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో పని నేర్చుకుందామని మూడు నెలలుగా కూర్చుంటే, మొదటి నెలంతా దాని కోడును నీ పాత లాప్‌టాప్‌లో నడిచే ప్రోగ్రాముగా బిల్డ్ చేయడానికే సరిపోయిందనీ, తీరా కోడుకు పదకొండు పంక్తుల సవరణ, అదే ప్యాచ్, పంపితే ప్రాజెక్టు చూసుకునే మెయింటెయినర్ రెండుసార్లు తిప్పి పంపారనీ, ఇక ఇది నీ వల్ల కాదనీ అన్నావు. ఆ చివరి మాట మాత్రం నేను ఒప్పుకోను.

ఇరవై ఆరేళ్లుగా ప్రెస్సులో డీటీపీ చేస్తూ, ప్రూఫులు దిద్దుతూ ఉన్నాను. చేయి తిరిగిన రచయిత పుస్తకానికైనా మూడు ప్రూఫులు తీస్తాం. మొదటి ప్రూఫు నిండా ఎర్రసిరా గుర్తులున్నంత మాత్రాన ఆయనకు తెలుగు రాదని ఎవరూ అనుకోరు. అచ్చయ్యాక దిద్దలేమన్న జాగ్రత్తే ఆ గుర్తులన్నీ పెట్టిస్తుంది. మొన్న నువ్వు పంపిన, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు ప్యాచ్‌లు పంపే నియమాలు చదివితే నాకు మా ప్రూఫుల పద్ధతే కనిపించింది. సవరించిన ప్యాచ్‌కు వి2, వి3 అని వరుస సంఖ్య వేయాలనీ, ముందు దానికీ దీనికీ ఏం మారిందో రాయాలనీ, జవాబు రాకపోతే కనీసం వారం ఆగి గుర్తుచేయాలనీ అందులో ఉంది. తిరిగి రావడం ఆ పనిలో మామూలే కనుకనే దానికి ఇంత పద్ధతి ఏర్పడింది.

అయితే నీ పొరపాటు కూడా ఒకటి ఉందమ్మా. నువ్వు ప్యాచ్ పంపిన ఆ సాఫ్ట్‌వేర్‌ను నువ్వు ఏనాడూ వాడలేదు. ఉద్యోగానికి పనికొస్తుందని ఎవరో చెబితే ఎంచుకున్నావు. ఎందుకు అలా మార్చావని వాళ్లు అడిగినప్పుడు నువ్వు తడబడింది అందుకే.

నీకు తెలిసిన చోట మొదలుపెట్టు. మేము పాత ఫాంట్లలో కంపోజ్ చేసిన పేజీలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా కనిపించేవి. ఎన్ని పుస్తకాలు మళ్లీ మొదటి నుంచి కొట్టామో నీకు తెలుసు. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలకు ఒకే సంకేతాలుండే యూనికోడ్‌లో ఆ బాధ తీరింది. అక్కడ 'క్ష' అంటే క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు. వాటిని ఫాంటులోని నియమాల ప్రకారం ఒక్క అక్షరంగా కూర్చేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అనీ, ఫైర్‌ఫాక్స్, లిబ్రాఫీస్, ఆండ్రాయిడ్ దాన్నే వాడతాయనీ నువ్వే నాకు చెప్పావు. నేను రోజూ వాడే మండలి, రామభద్ర ఫాంట్లను కూడా ఎవరైనా మార్చుకొనే లైసెన్సుతోనే ఇచ్చారు. ఒత్తు ఎక్కడ తప్పుగా కూర్చుందో పట్టడానికి తెలుగు చదివిన కన్ను కావాలి, అది నీకుంది. అలా కనిపించిన ఒక్క తప్పును ఏ ఫాంటులో, ఏ వెర్షన్‌లో, ఏం టైపు చేస్తే వస్తుందో స్పష్టంగా రాసి పంపినా అది పనే.

ముందు ఈ ప్యాచ్ సంగతి తేల్చు. మూడోసారి పంపే ముందు, ఎందుకు మార్చావో రాసిన వివరణ నాకు ఫోనులో చదివి వినిపించు. కోడు నాకు అర్థం కాకపోయినా వాక్యం ఎక్కడ తడబడిందో చెప్పగలను. దసరాకు వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో, ర్యామ్ పెంచిద్దాం.

ఇట్లు,
మీ నాన్న