ఫ్యూజు కాళ్లకు రాగి తీగ చుట్టకండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరాయంటే మీ జిల్లా పేజీలో కారు కాలిపోయిన వార్త ఒకటైనా కనిపిస్తుంది. ఫొటో, ఊరి పేరు, చివర్న ‘షార్ట్ సర్క్యూటే కారణమని భావిస్తున్నారు’ అనే ముక్క. అక్కడితో వార్త అయిపోతుంది. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా కార్లకు వైరింగ్ పని చేస్తున్నాను. ఆ ముక్క చదివినప్పుడల్లా నాకు మనసు ఊరుకోదు. షార్ట్ అయితే ఫ్యూజు పోయి కరెంటు ఆగాలి కదా, ఎందుకు పోలేదు? దాని స్థానంలో ఎవరైనా ఇంకేమైనా పెట్టారా? ఈ మాట ఎవరూ అడగరు. ఎందుకు అడగాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

పోయిన వేసవి సెలవుల్లో గుడివాడ వైపు నుంచి ఒక మాస్టారు కారు తెచ్చారు. పదకొండేళ్ల పెట్రోలు బండి. సెల్ఫ్ ఫ్యూజు మాటిమాటికీ పోతోందని వచ్చారు. వెనక సీట్లో ఆయన భార్య, మనవరాలు. ఇంజిన్ ఆపడానికే భయపడుతున్నారు, ఆపితే మళ్లీ నలుగురు తోయాలి. దారిలో టీ కోసం ఆపి మళ్లీ తాళం తిప్పితే బానెట్ కింద నుంచి పొగ వచ్చిందట. తాళం వదలగానే ఆగిందట. టీ కొట్టు దగ్గరున్న వాళ్లు తోస్తే స్టార్ట్ చేసుకుని నేరుగా వచ్చేశారు.

ఫ్యూజు డబ్బా మూత తీశాను. సెల్ఫ్ ఫ్యూజు చోట నారింజ రంగుది ఉంది. ఆ కారుకు ఉండాల్సింది 30 ఆంపియర్లది, అది ఆకుపచ్చగా ఉంటుంది. మూత లోపలివైపు పటంలో 30 అని అచ్చువేసి కూడా ఉంది. నారింజ రంగంటే 40. బయటికి లాగితే దాని రెండు కాళ్లనూ కలుపుతూ సన్నటి రాగి పోగులు నాలుగైదు చుట్టి ఉన్నాయి. ప్లాస్టిక్ ఒక పక్క కరిగి, మైనంలా జారి గట్టిపడింది.

జరిగింది ఇదీ. మొదట 30 పోయింది. కొత్తది వేస్తే కొన్నాళ్లకు అదీ పోయింది. ఒక షెడ్డులో మోటారు లోడు లాగుతోందని చెప్పి సెల్ఫ్ మోటారు మొత్తం మార్చారు. ఆరున్నర వేలు అయింది. అయినా ఫ్యూజు పోయింది. ఇంకో చోట 40 వేశారు. అదీ పోయేసరికి తీగ చుట్టి పంపారు.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. సెల్ఫ్ మోటారు తిరగడానికి నూరు ఆంపియర్లకు పైనే కావాలి. ఆ కరెంటు ఈ ఫ్యూజు గుండా వెళ్లదు. బ్యాటరీ నుంచి లావు కేబులులో నేరుగా మోటారుకు పోతుంది. తాళం తిప్పగానే కలిసే చిన్న స్విచ్చు రిలే. మోటారు మీద ఉండి, దానికి ఆ పెద్ద కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చు సొలినాయిడ్. ఫ్యూజు కాపాడేది రిలే నుంచి సొలినాయిడ్ దాకా వెళ్లే సన్న వైరును, సొలినాయిడ్ లోపలి రాగి తీగ చుట్టలను. చాలా కార్లలో ఇదే పద్ధతి. మోటారుతో పాటు సొలినాయిడ్ కూడా కొత్తదే వచ్చింది కదా, అయినా ఫ్యూజు పోయిందంటే ఇక చూడాల్సింది ఆ వైరునే. ఆ షెడ్డు వాళ్లకు ఆ రోజే తట్టాల్సిన విషయం ఇది.

“తాళం ఆన్ చేయగానే పోతోందా మాస్టారూ, సెల్ఫ్ కొట్టినప్పుడా?” అని అడిగాను.

“సెల్ఫ్ కొట్టినప్పుడేనయ్యా. కానీ ప్రతిసారీ కాదు. ఒక్కోసారి వారమంతా బాగానే ఉంటుంది.”

“ఇది మొదలవక ముందు బండికి ఏం పని చేయించారు?”

“ఉగాదికి ముందు క్లచ్ ప్లేట్లు మార్పించాను.”

నా సగం పని ఆ జవాబుతోనే అయిపోయింది. క్లచ్ ప్లేట్లు మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. సెల్ఫ్ మోటారు ఉండేది దాని పక్కనే.

ఫ్యూజు గుంటల మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు కలిపాను. ఫ్యూజులు ఒకదాని తర్వాత ఒకటి కాల్చుకోవడం కన్నా ఇది నయం. షార్ట్ ఉంటే బల్బు వెలుగుతుంది, వైరు మాత్రం కాలదు, ఎందుకంటే బల్బు రెండు ఆంపియర్లకు మించి పోనివ్వదు. పని నేర్చుకునే కుర్రాళ్లు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. సొలినాయిడ్‌కు వైరు తగిలించి ఉండగానే పరీక్ష చేస్తే సొలినాయిడ్ బాగున్నా బల్బు వెలుగుతుంది. ఆ వైరు పీకి, కొసకు టేపు చుట్టి, అప్పుడు చూడాలి.

మా కుర్రాడు తాళం సెల్ఫ్ మీద పట్టుకున్నాడు. బల్బు వెలగలేదు. వైరు బాగానే ఉందనుకుని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. కానీ సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ తన రబ్బర్ల మీద ఒక పక్కకు ఊగుతుంది. వైరు పీకేశాం కాబట్టి ఇప్పుడు ఆ ఊపు లేదు. టామీ రాడ్డు అనే ఇనుప కడ్డీ పెట్టి ఇంజిన్‌ను నెమ్మదిగా ఊపాను. బల్బు ఒక్కసారి మెరిసి ఆరింది. మళ్లీ ఊపితే మళ్లీ మెరిసింది. “వెలిగింది తాతయ్యా!” అని మాస్టారి మనవరాలు అరిచింది.

కిందికి దూరి చూశాను. గేర్‌బాక్సు పక్కనున్న ఇనుప బ్రాకెట్ అంచుకు వైరు ఆనుకుని ఉంది. దాన్ని పట్టి ఉంచే క్లిప్పు లేదు. క్లిప్పు దిగే రంధ్రం ఖాళీగా కనిపిస్తోంది. తొడుగు నువ్వుగింజంత మేర ఒరిసిపోయి లోపలి రాగి తళతళలాడుతోంది. బ్రాకెట్ అంచు మీద అంతే చిన్న నల్ల మచ్చ. క్లచ్ పని చేసిన చోట ఆ క్లిప్పు తిరిగి పెట్టలేదు. ఇంజిన్ గట్టిగా ఊగిన రోజు వైరు ఆ ఇనుముకు తగిలి షార్టై ఫ్యూజు పోతోంది, తగలని రోజు బండి మామూలుగా స్టార్టవుతోంది. తీగ చుట్టాక ఫ్యూజు పోవడం ఆగి, వైరు కాగడం మొదలైంది. జానెడు మేర తొడుగు పెళుసెక్కి, వేలితో నొక్కితే పొట్టులా రాలింది.

వైరు మొత్తం కొత్తది వేశాను, అదే లావుది. మీద స్లీవు, ఒక క్లిప్పు, ఆకుపచ్చ ఫ్యూజు. సామానుకు రెండొందలు కూడా కాలేదు. ఆ తర్వాత ఇంతవరకూ ఆ ఫ్యూజు పోలేదు.

తాళం వదలగానే పొగ ఆగడం ఆ కుటుంబం అదృష్టం. ఈ వైరులో కరెంటు సెల్ఫ్ కొట్టినంతసేపే ఉంటుంది. అదే తీగ హెడ్‌లైట్ల ఫ్యూజుకో రేడియేటర్ ఫ్యాన్ ఫ్యూజుకో చుట్టి ఉంటే, బండి పరుగెత్తుతుండగా అవి ఆన్‌లో ఉన్నంతసేపూ వైరు కాలుతూనే ఉండేది. ఆ బానెట్ కిందే పెట్రోలు పైపు కూడా ఉంటుంది. ఆ పాప వెనక సీట్లో కూర్చుని ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు వణుకొస్తుంది.

అన్ని బండ్లకూ కారణం ఇదే కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నీళ్లలో నిలిచిన కార్లు ఆ తర్వాత చాలా నెలలు మా షెడ్డుకు వచ్చాయి. వాటిలో కొన్నిటికి వైరు బాగానే ఉండేది, సొలినాయిడ్ లోపల ముందుకూ వెనక్కూ జరిగే ప్లంజరు అనే ఇనుప కడ్డీ తుప్పుపట్టి సగంలో ఇరుక్కునేది. సొలినాయిడ్‌లో ప్లంజరును లాగే చుట్ట ఒకటి, లాగాక పట్టి ఉంచే చుట్ట ఒకటి ఉంటాయి. లాగే చుట్ట కరెంటు బాగా తింటుంది. ప్లంజరు పూర్తిగా వెళ్లి కాంటాక్టులు కలవగానే దానికి కరెంటు ఆగిపోతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోవాలి. సగంలో ఇరుక్కుంటే ఆ చుట్ట తింటూనే ఉంటుంది, ఫ్యూజు పోతుంది.  ఇక ఎలుకలు వైర్లు కొరకడం సంగతి, బానెట్ కింద పొగాకు కట్టుకునే వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

కారున్న వాళ్లను నేను వేడుకునేది ఒకటే. ఫ్యూజు పోతే అదే నంబరుది ఒక్కసారి వేసి చూడండి. అదీ పోతే మూడోది వేయకండి, పెద్దది అసలే వేయకండి, కారణం వెతికే మనిషి దగ్గరికి వెళ్లండి. ఈ మధ్య బండికి చేయించిన ప్రతి పనీ అతనికి చెప్పండి. డ్రైవింగ్ నేర్పేవాళ్లు ఫ్యూజు డబ్బా ఎక్కడుందో, మూత మీది పటం ఎలా చదవాలో ఒక్క పూట చూపించాలి. సాటి మెకానిక్‌లకు కూడా ఒక మాట. కస్టమరు తొందరపెడతాడు, పొద్దుపోతుంది, నాకు తెలుసు. అయినా తీగ చుట్టి పంపకండి. ఆ రోజు కుదరకపోతే బండి షెడ్డులోనే ఉంచి, వాళ్లను బస్సెక్కించండి.

మీ విలేకరులకు కూడా ఒక విన్నపం. కారు కాలిన చోటికి వెళ్లినప్పుడు వైరింగ్‌కు ఈ మధ్య ఎవరైనా చెయ్యి పెట్టారా, ఏ ఫ్యూజైనా మార్చారా అని ఓనరును అడగండి. అతను చెప్పింది వార్తలో రాయండి.

మాస్టారి కారులో దొరికిన ఆ నారింజ రంగు ఫ్యూజును, రాగి పోగులతో సహా, సీసాలో వేసి షెడ్డులో అందరికీ కనిపించేలా పెట్టాను. మీవాళ్లు ఎవరైనా ఆటోనగర్ వైపు వస్తే చూపిస్తాను, ఫొటో తీసుకుని మీ పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
ఆటోనగర్, విజయవాడ