ఏప్రిల్ 15 నుంచి మా కొట్టులో వంజరం ఉండదు

గుంటూరులో మా చేపల కొట్టును నమ్ముకుని వస్తున్న మీ అందరికీ నమస్కారం.

గత ఏడాది మే నెలలో ఒక పెద్దావిడ వంజరం ముక్కలు తూకం వేయిస్తూ, "నిజాంపట్నం చేపేనా బాబూ?" అని అడిగారు. అవునన్నాను. అది అబద్ధం. ఆ చేప పడమటి తీరంలో పట్టినది. ఐసు పెట్టెల్లో దేశం అడ్డంగా దాటి మా దగ్గరికి వచ్చింది.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు మరబోట్లకూ ఇంజను పడవలకూ వేట నిషేధం. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న గానీ మొదలు కాదు. ఈ మధ్య ఉన్న నెలన్నరలో అక్కడి చేప ఇక్కడి బజార్లకు చేరుతుంది. దాన్ని అమ్మడం తప్పు కాదు. 'నిజాంపట్నం తాజా చేపలు' అన్న బోర్డు కింద పెట్టి అమ్మడం తప్పు. ఆ బోర్డు చదివి కొన్న ప్రతి ఒక్కరికీ క్షమాపణ చెబుతున్నాను.

నిజాంపట్నం హార్బరు వాళ్ళకు నేను చేసిన అన్యాయం ఇంకా పెద్దది. జిల్లాల విభజనతో 2022లో నిజాంపట్నం బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది గానీ, తెనాలి, రేపల్లె దాటి అక్కడికి వెళ్ళినప్పుడల్లా నాకు సొంత ఊరికి వెళ్ళినట్టే ఉంటుంది. నిషేధ కాలంలో అక్కడ బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. బోటు మీద పనిచేసేవారికి నెల జీతం ఉండదు. డీజిలు, ఐసు ఖర్చులు పోగా మిగిలిన దాంట్లో వాటా వస్తుంది. వేట లేకపోతే వాటా లేదు. ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 10,000 రూపాయల నుంచి 20,000 రూపాయలకు పెంచారు. రెండు నెలలు ఇల్లు గడవాలంటే ఆ పైన అప్పు చేయవలసిందే. చేప గుడ్లు పెట్టి పెరగడానికి ఇంత కష్టం ఓర్చుకుంటున్న వాళ్ళ రేవు పేరు చెప్పుకుని నేను వేరే చేప అమ్ముకున్నాను.

ఈసారి ఏప్రిల్ 15న ఆ బోర్డు దించేస్తాం. ఇంజను లేని తెప్పలకు నిషేధం వర్తించదు కాబట్టి వాళ్ళు తెచ్చింది ఏ రోజైనా దొరికితే, ఆ రోజు పలక మీద రాస్తాం. మిగతా రోజుల్లో కొల్లేరు చుట్టుపక్కల చెరువుల శీలావతి, బొచ్చె, చెరువు రొయ్యలు ఉంటాయి. చెరువు చేపను చెరువు చేప అనే చెప్పి అమ్ముతాం.

ఇంకో సంగతి చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది. నిరుడు చాలాకాలం రేవులో చేప కొన్న రోజే డబ్బు ఇవ్వలేదు. రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాలు ఆపేవాణ్ణి. పెద్ద బోటు యజమాని ఆ ఆలస్యాన్ని తట్టుకుంటాడు. ఎండు చేపలు అమ్మే ఆడవాళ్ళు తట్టుకోలేరు. నా దగ్గర డబ్బు ఆగిపోతే వాళ్ళు వడ్డీకి తెచ్చుకుని మరుసటి వేలంలో పచ్చి చేప కొంటారు. ఆ వడ్డీ నిజానికి నేను కట్టవలసింది. సంక్రాంతి తరువాత పాత బాకీలన్నీ తీర్చేశాను. ఇప్పుడు సరుకు బండి ఎక్కకముందే డబ్బు ఇస్తున్నాం. అందువల్ల మా చేతిలో నగదు తక్కువగా ఉంటోంది. ఎండు చేపల ధర పెరగడానికి ఒక కారణం ఇదే. ఇసుక మీద కాకుండా ఎత్తుగా కట్టిన పందిళ్ళ మీద ఆరబెట్టిన సరుకే తీసుకుంటున్నాం, అదీ కొంత కారణం. కడిగితే ఇసుక రాదు, మీరే చూడండి.

పీతల గురించి చాలామంది అడుగుతున్నారు. పొట్ట కింది మడతలో బయటికి గుడ్ల ముద్ద కనిపించే ఆడ పీతను ఇకపై కొనం, అమ్మం. ఆ ఒక్క ముద్దలో లక్షల గుడ్లు ఉంటాయి. మడ అడవుల బురదలో పెరిగిన మండపీత గుడ్లు విడవడానికి సముద్రంలోకి వెళుతుంది. ఆ దారిలో వలలో చిక్కినదాన్ని తిరిగి వదిలితే, దాని సంతానంలో కొన్నయినా మళ్ళీ ఆ మడల్లోకి చేరతాయి. గుడ్ల పీత కోసమే వచ్చే పాత ఖాతాదారులు ఇద్దరు ముగ్గురు కోపగించుకున్నారు. వాళ్ళ మీద నాకు గౌరవమే గానీ, ఈ విషయంలో మనసు మార్చుకోలేను.

థర్మకోల్ పెట్టెలు మాత్రం పూర్తిగా మానలేకపోయాం. రేవు నుంచి తెచ్చుకోవడానికి కడిగి వాడే గట్టి ఐసు పెట్టెలు కొన్నాం. మన ఎండలకు కిలో చేపకు కిలో ఐసు పడుతుంది, అవి ఆ బరువు మోస్తున్నాయి. బ్రాడీపేట, అరండల్‌పేట ఇళ్ళకు పంపేటప్పుడు ఇంకా పాత పెట్టెలే వాడుతున్నాం. వాటిని పారేయకుండా మా కుర్రవాడికి తిరిగి ఇవ్వండి. కొట్టుకు వచ్చేవారు మూత ఉన్న గిన్నె తెచ్చుకుంటే ఇంకా మంచిది.

ఎండు మెత్తళ్ళు, ఎండు రొయ్యలు కావలసినవారు ఈ నెలాఖరులోగా చెప్పండి. నిషేధం మొదలయ్యేలోపు ఆడవాళ్ళు ఎంత ఆరబెట్టాలో మీ మాటను బట్టే చెబుతాను. చింతచిగురు బజారుకు వచ్చే వేళకు సరుకు మీ ఇంట్లో ఉంటుంది.